మెయిన్‌ఫ్రేమ్ మీద డీబీ2 డేటాబేస్‌లకు ఆపరేటర్ కమాండ్లు: చూడటం, ఆపడం, మళ్లీ లేపడం

విజయనగరంలో సిరిమాను రోజు మధ్యాహ్నం మూడు లాంతర్ల దగ్గర నిలబడితే మన మాట మనకే వినపడదు. ఆ జనంలో ఉండగా నా ఫోన్ మోగింది. చేసింది మా పిన్ని కొడుకు. శ్రీకాకుళంలో ఇంటి నుంచే ఆన్‌కాల్ చూస్తున్నాడు. అతనికి అది మొదటి నెల.

"అన్నయ్యా, డేటాబేస్ స్టార్ట్ చేసీసినాను. నార్మల్ కంప్లీషన్ అని కూడా వచ్చినాది. జాబు మాత్రం మళ్లీ అదే 904తో పడిపోనాది. ఏటి సెయ్యమంతావు?"

"ఏటీ సెయ్యకు. ముందు డిస్‌ప్లే కొట్టి, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువు."

(జాబు అంటే మెయిన్‌ఫ్రేమ్‌కు అప్పగించిన పని. 904 అంటే అడిగిన వస్తువు ఇప్పుడు అందుబాటులో లేదని డీబీ2 ఇచ్చే ఎర్రర్ నంబరు.) చదివాడు. డేటాబేస్ స్థితి ఆర్‌డబ్ల్యూ, అంటే తెరిచే ఉంది. దాని కింద టేబుల్‌స్పేస్ (టేబుల్ డేటా ఉండే చోటు) స్థితి స్టాప్. వీధి తలుపు తీశాడు గాని లోపలి గది తాళం అలాగే ఉంది. ఇంకో కమాండ్ చెప్పాను, కొట్టాడు, జాబు నడిచింది. రెండు నిమిషాల పని. కానీ అప్పటికే అతను నలభై నిమిషాలుగా ఒక్కడే తెర ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు.

మన రెండు జిల్లాల నుంచి కోబాల్ (ప్రోగ్రాం రాసే భాష), జేసీఎల్ (జాబు నడపమని రాసే భాష) నేర్చుకుని విశాఖకో హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు. ప్రోగ్రాం రాయడం వాళ్లకు నేర్పుతారు. అర్ధరాత్రి డేటాబేస్ ఆగిపోతే ఏ వరసలో ఏం చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను చేసిన తప్పులు, సరిదిద్దుకున్న పద్ధతులు కలిపి ఇక్కడ రాస్తున్నాను. చెప్పేది మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్ మీద నడిచే ఐబీఎం డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డీబీ2 గురించి. ఐబీఎందే ఇంకో పాత డేటాబేస్ వ్యవస్థ ఐఎంఎస్ గురించి చివర్లో నాలుగు మాటలు.

ఒక సూచన. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. తెర మీద వాటిని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, కుండలీకరణాలు పోకుండా కొట్టాలి. పేడీబీ, పేటీఎస్1, పేఐఎక్స్1 అన్నవి నేను ఉదాహరణకు పెట్టుకున్న డేటాబేస్, టేబుల్‌స్పేస్, ఇండెక్స్‌స్పేస్ (త్వరగా వెతకడానికి ఉండే ఇండెక్స్ చోటు) పేర్లు.

కమాండ్ వేరు, ఎస్‌క్యూఎల్ వేరు

ఐబీఎం 1964లో సిస్టమ్ 360 మెయిన్‌ఫ్రేమ్‌ను, 1983లో డీబీ2ని ప్రకటించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా పని రెండు దారుల్లో నడుస్తోంది. టేబుల్‌లో ఉన్న వరుసలతో పని ఎస్‌క్యూఎల్ అనే భాషది. ఆ టేబుల్‌ను ఎవరైనా ముట్టుకోవచ్చా, చదవడం వరకేనా, యుటిలిటీలకు (కాపీ, లోడ్ లాంటి నిర్వహణ పనులకు) మాత్రమేనా అని నిర్ణయించేది ఆపరేటర్ కమాండ్. అందుకే దీనికి రోల్‌బ్యాక్ (చేసినదాన్ని వెనక్కి తిప్పడం) అనేది లేదు. స్టాప్ కొట్టాక మనసు మార్చుకుంటే మళ్లీ స్టార్ట్ కొట్టడమే దారి. ఆ మధ్యలో పడిపోయిన జాబులు పడిపోయినట్టే.

ఎక్కడ కొట్టాలి

దారులు నాలుగు. జెడ్‌ఓఎస్ కన్సోల్ ఒకటి. ఎస్‌డీఎస్‌ఎఫ్ (జాబులు, లాగులు చూసే తెర) లో ముందు ఒక స్లాష్ పెట్టి అక్కడి నుంచే కన్సోల్ కమాండ్ ఇవ్వడం రెండోది. టీఎస్‌ఓలో, అంటే మనం లాగిన్ అయి పనిచేసే సెషన్‌లో, డీబీ2ఐ మెనూ తెరిచి 7వ ఆప్షన్‌లోకి వెళ్లడం మూడోది. బ్యాచ్‌లో ఐకేజేఈఎఫ్‌టీ01 ప్రోగ్రాం కింద డీఎస్‌ఎన్ సిస్టమ్ అని సబ్‌సిస్టమ్ (నడుస్తున్న ఒక్కో డీబీ2) పేరిచ్చి, ఆ కిందే కమాండ్లు రాయడం నాలుగోది. కొత్తవాళ్లు డీబీ2ఐ 7తో మొదలుపెట్టడం మేలు. కొట్టింది, వచ్చింది ఒకే తెర మీద కనిపిస్తాయి.

కన్సోల్ నుంచి ఇచ్చేటప్పుడు ప్రిఫిక్స్ చూసుకోవాలి. ఒకే ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా కేటాయించిన భాగంలో) రెండు మూడు డీబీ2లు ఉంటాయి. ఏ కమాండ్ ఏ డీబీ2కి వెళ్లాలో చెప్పేది ఆ ప్రిఫిక్సే. అది ఒట్టి హైఫన్ కావచ్చు, హైఫన్ తర్వాత సబ్‌సిస్టమ్ పేరు కావచ్చు, ఎనిమిది అక్షరాల వరకూ ఉండొచ్చు. టెస్ట్‌కి ఒకటి, ప్రొడక్షన్‌కి ఒకటి ఉన్నచోట ఒక్క అక్షరం తేడాతో పని ఇటుది అటు అవుతుంది. డీబీ2ఐలో అయితే డీ ఆప్షన్‌లోకి వెళ్లి సబ్‌సిస్టమ్ పేరు చూడండి. నిన్న మీరే పెట్టిన పేరైనా ఇవాళ మళ్లీ చూడండి. నేను దాన్ని పైకి చదువుకుంటాను. ఇంట్లోవాళ్లు అలవాటు పడిపోయారు.

అనుమతి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చూడటానికి డిస్‌ప్లేడీబీ, లేపడానికి స్టార్ట్‌డీబీ, ఆపడానికి స్టాప్‌డీబీ అని విడివిడి ప్రివిలేజ్‌లు ఉంటాయి. ఆపరేషన్స్ వాళ్లకు సాధారణంగా ఇచ్చే సిస్‌ఓపీఆర్ అధికారంలో స్టార్ట్‌డీబీ, స్టాప్‌డీబీ ఉండవు. చేంజ్ రాత్రి పదకొండున్నరకు మీ ఐడీకి స్టాప్‌డీబీ లేదని తెలిస్తే ఇచ్చేవాళ్లు నిద్రలో ఉంటారు. పగలే ఒక టెస్ట్ డేటాబేస్ మీద స్టాప్, స్టార్ట్ కొట్టి చూసుకోండి.

మొదటి అడుగు: చూడటం

దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. నేను చూసిన తప్పుల్లో చాలావాటికి మూలం సరిగా చూడకపోవడమే.

-డిస్‌ప్లే డేటాబేస్(పేడీబీ) స్పేస్‌నామ్(*) లిమిట్(*)

స్పేస్‌నామ్ పెట్టకపోతే డేటాబేస్ స్థితి మాత్రమే వస్తుంది, లోపలి వస్తువులవి రావు. లిమిట్ పెట్టకపోతే 50 దగ్గర ఆగిపోతుంది. పెద్ద డేటాబేస్‌లో పాడైన ఇండెక్స్ 51వది అయితే మీ కంట పడదు. తెర శుభ్రంగా ఉందని మీరు టికెట్‌లో రాసేస్తారు. లిమిట్‌లో నక్షత్రం పెట్టడం వేళ్లకు అలవాటైపోవాలి.

ఇప్పుడు తెర చదువుదాం. డీఎస్‌ఎన్‌టీ362ఐ అన్న వరుసలో డేటాబేస్ పేరు, దాని స్థితి ఉంటాయి. దాని కింద డీఎస్‌ఎన్‌టీ397ఐ నుంచి పట్టిక మొదలవుతుంది: పేరు, రకం, పార్ట్, స్థితి. రకం దగ్గర టీఎస్ అంటే టేబుల్‌స్పేస్, ఐఎక్స్ అంటే ఇండెక్స్‌స్పేస్. పార్టిషన్లు (టేబుల్‌స్పేస్ ముక్కలు) ఉంటే పార్ట్ దగ్గర 0001, 0002 అని ఒక్కొక్కదానికి ఒక్కో వరుస. చివర డీఎస్‌ఎన్9022ఐ, నార్మల్ కంప్లీషన్.

ఈ 9022 దగ్గరే కొత్తవాళ్లు మోసపోతారు. మీరు ఇచ్చిన కమాండ్‌ను డీబీ2 పూర్తిచేసిందని మాత్రమే అది చెబుతుంది. మీరు అనుకున్నది జరిగిందని చెప్పదు. మా తమ్ముడు ఇచ్చిన కమాండ్ డేటాబేస్‌ను స్టార్ట్ చేయమని. డీబీ2 చేసింది. టేబుల్‌స్పేస్‌ను స్టార్ట్ చేయమని అతను అడగలేదు.

స్థితి దగ్గర ఒకటి కంటే ఎక్కువ మాటలు కామాలతో ఉండొచ్చు. ఆర్‌డబ్ల్యూ అంటే చదవొచ్చు, రాయొచ్చు. ఆర్‌ఓ అంటే చదవడం వరకే. యూటీ అంటే యుటిలిటీలకు మాత్రమే. యూటీఆర్‌ఓ కనిపిస్తే ఏదో యుటిలిటీ నడుస్తోంది, మిగతావాళ్లు చదవొచ్చు. యూటీయూటీ అయితే యుటిలిటీ పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది, మిగతావాళ్లకు దారి లేదు. "ఆర్‌డబ్ల్యూ, కాపీ" అని చూసి, ముందు ఆర్‌డబ్ల్యూ ఉంది కదా అని ఊరుకోకండి. కామా తర్వాతి మాటలోనే అసలు విషయం ఉంది.

రోజూ పొద్దున షిఫ్ట్ తీసుకోగానే నేను కొట్టేది ఇది:

-డిస్‌ప్లే డేటాబేస్(*) స్పేస్‌నామ్(*) రిస్ట్రిక్ట్ లిమిట్(*)

ఇబ్బందుల్లో ఉన్న వస్తువులు మాత్రమే వస్తాయి. రిస్ట్రిక్ట్ బదులు అడ్వైజరీ పెడితే పని ఆగనివి, కానీ ఎవరో ఒకరు పట్టించుకోవాల్సినవి వస్తాయి. రీఆర్గ్ (డేటాను మళ్లీ వరుసగా సర్దే యుటిలిటీ) చేస్తే మంచిదని చెప్పే ఏఆర్‌ఈఓ నక్షత్రం అలాంటిదే. ఈ రెండు జాబితాలను నిన్నటివాటితో పోల్చి చూడండి. కొత్తగా చేరిన పేరు ఉంటే రాత్రి బ్యాచ్‌లో ఏదో జరిగినట్టు. జాబు పడకముందే తెలిసిపోతుంది.

రెండో అడుగు: ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం

ఆపబోయే ముందు లోపల ఎవరున్నారో చూడాలి.

-డిస్‌ప్లే డేటాబేస్(పేడీబీ) స్పేస్‌నామ్(పేటీఎస్1) క్లెయిమర్స్

క్లెయిమర్స్ బదులు యూజ్ అంటే వాడుతున్నవాళ్లు, లాక్స్ అంటే లాకులు కనిపిస్తాయి. విజయనగరం జంక్షన్‌లో పట్టాల పనికి లైన్ బ్లాక్ తీసుకోవడం చూసినవాళ్లకు క్లెయిమ్, డ్రెయిన్ అన్న మాటలు తేలిగ్గా అర్థమవుతాయి. సెక్షన్‌లో బండి ఉన్నంతసేపూ బ్లాక్ దొరకదు. ఉన్న బండి దాటేదాకా ఆగాలి, ఈలోపు కొత్త బండిని లోపలికి వదలకూడదు. డీబీ2లో టేబుల్‌స్పేస్ వాడుతున్న ప్రతి ప్రోగ్రాం ఒక క్లెయిమ్ పెట్టుకుంటుంది. డ్రెయిన్ అడిగినవాడు ఆ క్లెయిమ్‌లన్నీ వదిలేదాకా ఆగుతాడు. కొత్తవాటికి దారి ఇవ్వడు.

తర్వాత థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలకూ డీబీ2కీ మధ్య తెరిచి ఉన్న కనెక్షన్లు:

-డిస్‌ప్లే థ్రెడ్(*) టైప్(యాక్టివ్)

ఇందులో ఐడీ అన్న గడిలో బ్యాచ్ అయితే జాబు పేరు కనిపిస్తుంది. ఆథ్‌ఐడీ, ప్లాన్, చివర టోకెన్ అనే అంకె. ఐడీకి ముందున్న ఆర్‌ఈక్యూ అన్న గడిని చాలామంది చూడరు. ఆ థ్రెడ్ డీబీ2ని ఎన్నిసార్లు అడిగిందో చెప్పే లెక్క అది. అర నిమిషం తేడాతో రెండుసార్లు డిస్‌ప్లే కొట్టి ఆ అంకెను పోల్చండి. పెరుగుతుంటే జాబు నడుస్తోంది. కదలకపోతే ఒకే పెద్ద క్వెరీలో ఉందో, దేనికోసమో ఆగిందో, లేదా వదిలేసి భోజనానికి వెళ్లిన మనిషిదో అయ్యుంటుంది. బ్రిడ్జ్ కాల్‌లో (సమస్య వస్తే అందరూ కలిసే ఫోన్ కాల్‌లో) "జాబు హ్యాంగ్ అయింది" అని ఎవరైనా అంటే నేను ముందు ఈ అంకె చూసే మాట్లాడతాను.

మూడోది యుటిలిటీలు: -డిస్‌ప్లే యుటిలిటీ(*). ఎవరు మొదలుపెట్టారు, ఏ ఫేజ్‌లో ఉంది, ఎంత లెక్క అయింది అన్నీ వస్తాయి. రీఆర్గ్ నడుస్తున్న టేబుల్‌స్పేస్‌ను ఆపాలని చూడటం కంటే ఆ రీఆర్గ్ మొదలుపెట్టిన మనిషికి ఫోన్ చేయడం త్వరగా తేలే పని.

మూడో అడుగు: ఆపడం

-స్టాప్ డేటాబేస్(పేడీబీ) స్పేస్‌నామ్(పేటీఎస్1)

ఇది కొట్టాక వెంటనే డిస్‌ప్లే కొట్టండి. స్థితి స్టాప్ అని ఉంటే ఆగింది. స్టాప్‌పీ అని ఉంటే ఇంకా ఆగలేదు, ఆగడం కోసం ఎదురుచూస్తోంది. చివరి పీ అక్షరం మీద కన్ను నిలవాలి. స్టాప్‌పీలో ఉండగా ఆగిందనుకుని డేటాసెట్‌లను (డిస్క్ మీది ఫైళ్లను) కాపీ చేయడమో, పేరు మార్చడమో మొదలుపెడితే పెద్ద గొడవ. పైగా స్టాప్‌పీ ఉన్నంతసేపూ పాతవాళ్లు లోపలే ఉంటారు, కొత్తవాళ్లు బయట ఆగిపోతారు. ఐదు నిమిషాలు దాటితే అప్లికేషన్ వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు క్లెయిమర్స్ చూసి, ఎవరు వదలడం లేదో పట్టుకోవాలి.

రిలీజ్ డీఅలొకేట్ అనే ఎంపికతో బైండ్ చేసిన (డీబీ2కి సిద్ధం చేసిన) ప్రోగ్రాంలు కమిట్ (మార్పులను ఖాయం చేయడం) అయ్యాక కూడా పట్టు వదలవు, థ్రెడ్ ముగిసేదాకా ఉంచుకుంటాయి. రోజంతా నడిచే థ్రెడ్ అయితే మీ స్టాప్ కూడా రోజంతా ఎదురుచూస్తుంది. అలాంటిచోట కమాండ్ చివర ఎట్(కమిట్) చేర్చండి. తర్వాతి కమిట్ దగ్గర ఆపేస్తుంది.

డేటా షేరింగ్ గ్రూప్‌లో, అంటే ఒకే డేటాను పంచుకునే కొన్ని డీబీ2ల గుంపులో, ఉన్నారా? ఒక మెంబర్‌లో స్టాప్ కొడితే గ్రూప్ మొత్తానికి ఆగుతుంది. "నా ఎల్‌పార్‌లోనే కదా" అనుకోవద్దు.

స్టాప్ చేసిన స్థితి డీబీ2ని ఆపి మళ్లీ లేపినా పోదు. ఎవరో ఒకరు స్టార్ట్ కొట్టేదాకా అలాగే ఉంటుంది. ఆదివారం మెయింటెనెన్స్‌కి ఆపి మరచిపోయినది సోమవారం బ్యాచ్‌కి గుర్తొస్తుంది.

ఇప్పుడు తాళాల సంగతి. స్టాప్ డేటాబేస్(పేడీబీ) అని మాత్రమే కొడితే డేటాబేస్‌కు తాళం పడుతుంది. స్పేస్‌నామ్(*) కూడా పెడితే లోపలి ఒక్కొక్క టేబుల్‌స్పేస్‌కు, ఒక్కొక్క ఇండెక్స్‌కు విడివిడిగా తాళాలు పడతాయి. స్పేస్‌నామ్‌తో ఆపినవాటిని స్పేస్‌నామ్‌తోనే లేపాలి. ఒట్టి స్టార్ట్ డేటాబేస్ వాటిని ముట్టుకోదు. మా తమ్ముడి కథలో, అంతకు ముందు షిఫ్ట్ మనిషి స్పేస్‌నామ్(*)తో ఆపాడు. ఇతను దాన్ని వదిలేసి లేపాడు. నేను కూడా చాలా ఏళ్ల క్రితం ఇదే తప్పు చేశాను. తెల్లవారుజామున నాలుగుకు జీతాల బ్యాచ్ 904తో ఆగింది, రీజన్ కోడ్ 00సీ90081. ఆ కోడ్‌కు అర్థం, ఆపి ఉంచిన వస్తువును ఎవరో ముట్టుకున్నారని. అంతా స్టార్ట్ చేశానని నమ్మి, ఆ కోడ్ చదవకుండా జాబును రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. అప్పటి నుంచి ఆపిన కమాండ్‌ను నోట్‌ప్యాడ్‌లో అతికించి, అందులో స్టాప్ మాట తీసి స్టార్ట్ పెట్టి, అదే వరుసను తిరిగి వాడుతున్నాను. ఏ ఆకారంలో ఆపామో ఆ ఆకారంలోనే లేస్తుంది.

స్టాప్‌తో పాటు డేటాబేస్ పేరు దగ్గర నక్షత్రం ఎప్పుడూ పెట్టకండి. డీఎస్‌ఎన్‌డీబీ01, డీఎస్‌ఎన్‌డీబీ06 పేర్లు కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోండి. మొదటిది డైరెక్టరీ, రెండోది కేటలాగ్. డీబీ2 తన గురించి తాను రాసుకున్నదంతా అక్కడే ఉంటుంది.

నాలుగో అడుగు: లేపడం

-స్టార్ట్ డేటాబేస్(పేడీబీ) స్పేస్‌నామ్(పేటీఎస్1) యాక్సెస్(ఆర్‌డబ్ల్యూ)

యాక్సెస్ రాయకపోతే ఆర్‌డబ్ల్యూ అనే అర్థం. అయినా రాయండి, టికెట్ చదివేవాళ్లకు స్పష్టంగా ఉంటుంది. రాతలు ఆపి చదవడానికి మాత్రమే వదలాలంటే యాక్సెస్(ఆర్‌ఓ). యుటిలిటీ నడిపేటప్పుడు అప్లికేషన్లు దూరకుండా ఉండాలంటే యాక్సెస్(యూటీ), పని అయ్యాక మళ్లీ ఆర్‌డబ్ల్యూ.

ఎల్‌పీఎల్ అన్న స్థితికి కూడా ఈ స్టార్టే మందు. కొన్ని పేజీలను డీబీ2 చదవలేకో రాయలేకో ఒక జాబితాలో పెట్టుకుంటుంది. యాక్సెస్(ఆర్‌డబ్ల్యూ)తో స్టార్ట్ కొడితే లాగ్ (జరిగిన మార్పుల రికార్డు) చదివి ఆ పేజీలను తనే బాగుచేసుకుంటుంది. తర్వాత డిస్‌ప్లేలో ఎల్‌పీఎల్ మాట పోయిందో లేదో చూడాలి. పోకపోతే కింద డిస్క్ సంగతి ఏదో ఉంది, స్టోరేజ్ వాళ్లను పిలవాలి.

ఇక యాక్సెస్(ఫోర్స్). దీని గురించి మనసులో ఉన్నది గట్టిగానే చెబుతాను. ఇది కాపీ, చెక్, రికవర్ పెండింగ్ లాంటి గుర్తులన్నిటినీ తుడిచేసి తలుపు తెరుస్తుంది. డేటాను మాత్రం ఒక్క బైట్ కూడా బాగుచేయదు. గొట్టా బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఎత్తేస్తే వంశధారలో నీళ్లు తగ్గవు. ఊళ్లోవాళ్లు మాత్రం గట్టు దిగి పొలాల్లోకి వెళ్తారు. రికవర్ పెండింగ్‌లో సగం లోడ్ అయిన టేబుల్‌స్పేస్‌ను ఫోర్స్‌తో తెరిస్తే ప్రోగ్రాంలు ఆ సగం డేటానే నిజమనుకుని లెక్కలు వేస్తాయి. జాబు గ్రీన్ అవుతుంది, లెక్క తప్పుతుంది. ఆ తప్పు ఏ నెల చివరో బయటపడుతుంది. ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి తన నిర్ణయంతో ఫోర్స్ కొట్టకూడదు. డీబీఏ (డేటాబేస్ బాధ్యత చూసే మనిషి) రాతపూర్వకంగా చెప్పాలి, ఏ కారణంతోనో కూడా అందులో ఉండాలి.

గుర్తులు, వాటి అసలు మందులు

కాపీ అంటే కాపీ పెండింగ్. లాగ్ లేకుండా లోడ్ చేసి ఇమేజ్ కాపీ (బ్యాకప్) తీయనప్పుడు వస్తుంది. చదవొచ్చు, మార్చలేరు. ఎందుకంటే ఇప్పుడు డిస్క్ పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఆధారం లేదు. మందు, పూర్తి ఇమేజ్ కాపీ. బ్యాచ్ రాత్రి తొందరలో దీనికే ఫోర్స్ కొట్టమని ఒత్తిడి వస్తుంది. కాపీ జాబుకు పట్టే సమయం ఎంతో చెప్పి, ఆ సమయం అడగండి.

సీహెచ్‌కేపీ అంటే చెక్ పెండింగ్. తల్లి టేబుల్‌లో లేని నంబరు పిల్ల టేబుల్‌లో ఉందేమో అని డీబీ2కి అనుమానం. చెక్ డేటా యుటిలిటీ నడిపితే అనుమానం తీరుతుంది. ఆర్‌ఈసీపీ అంటే రికవర్ పెండింగ్. రికవర్ యుటిలిటీ నడపాలి, లేదా మొదటి నుంచి లోడ్ రీప్లేస్ చేయాలి. ఆర్‌బీడీపీ ఇండెక్స్‌ల మీద వస్తుంది, రీబిల్డ్ ఇండెక్స్ చేస్తే పోతుంది. వీటిలో ఏదీ కమాండ్‌తో తీరదు. కమాండ్ చూపిస్తుంది, యుటిలిటీ బాగుచేస్తుంది. ఆ తేడా తెలిస్తే ఎవరిని నిద్రలేపాలో తెలుస్తుంది.

ఐదో అడుగు: తప్పనిసరైతే థ్రెడ్‌ను, యుటిలిటీని ఆపడం

-క్యాన్సిల్ థ్రెడ్(టోకెన్)

టోకెన్ డిస్‌ప్లే థ్రెడ్‌లో చివరి గడిలో ఉంటుంది. కాపీ చేసి అతికించండి, చూసి కొట్టకండి. కొట్టాక థ్రెడ్ వెంటనే మాయం కాదు. అది ఇప్పటిదాకా కమిట్ చేయకుండా మార్చినదంతా డీబీ2 వెనక్కి తిప్పుకోవాలి. మూడు గంటలుగా కమిట్ లేకుండా అప్‌డేట్ చేస్తున్న జాబును చంపితే రోల్‌బ్యాక్ కూడా గంటల్లో ఉండొచ్చు. అందుకే చంపే ముందు ఎంఎస్‌టీఆర్ (డీబీ2 ప్రధాన జాబు) జాబ్‌లాగ్‌లో డీఎస్‌ఎన్‌ఆర్035ఐ ఉందేమో వెతకండి. ఇన్ని చెక్‌పాయింట్లు (డీబీ2 తన స్థితిని లాగ్‌లో రాసుకునే చోట్లు) దాటినా కమిట్ చేయని పని ఒకటి ఉందని హెచ్చరించేది అదే.

రోల్‌బ్యాక్ నడుస్తుండగా సహనం పోయి, డీబీ2నే ఆపి లేపుదాం అని బ్రిడ్జ్‌లో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. మిగిలిన వెనక్కి తిప్పే పనిని డీబీ2 మళ్లీ లేచేటప్పుడు చేసుకుంటుంది. అప్పుడు ఆ ఒక్క టేబుల్‌స్పేస్ కోసం మిగతా అప్లికేషన్లూ ఆగుతాయి.

యుటిలిటీని ఆపేది -టర్మ్ యుటిలిటీ(యుటిలిటీ ఐడీ). ముందు ఫేజ్ చూడండి. కాపీ నడుస్తుండగా ఆపితే పెద్ద నష్టం లేదు. లోడ్ రీలోడ్ ఫేజ్‌లో ఉండగా ఆపితే టేబుల్‌స్పేస్ రికవర్ పెండింగ్‌లో మిగిలిపోవచ్చు. అంటే ఒక అరగంట ఎదురుచూడలేక రికవరీ తెచ్చుకున్నట్టు. ఆగిపోయిన యుటిలిటీని టర్మ్ చేయకుండా రీస్టార్ట్ చేసే దారి ఉందేమో జాబు రాసినవాళ్లను ముందు అడగండి.

ఇన్‌డౌట్ థ్రెడ్లు కనిపిస్తే, అంటే సీఐసీఎస్ (ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) వైపు ఒక నిర్ణయం, డీబీ2 వైపు ఎదురుచూపు ఉంటే, రికవర్ ఇన్‌డౌట్ కమాండ్‌తో కమిటో అబార్టో చేయొచ్చు. కానీ సీఐసీఎస్ వాళ్లతో మాట్లాడకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఒక వైపు డబ్బు పోయి, రెండో వైపు చేరకపోవడం ఇలాంటి చోటే జరుగుతుంది.

మొత్తం డీబీ2ని ఆపాల్సి వస్తే

-స్టాప్ డీబీ2 మోడ్(క్వియెస్). నడుస్తున్న పనులను ముగించుకోనిస్తుంది, కొత్తవి రానివ్వదు. ముందు థ్రెడ్లు, యుటిలిటీలు డిస్‌ప్లే చేసి ఖాళీ చేయించండి. లేకపోతే టీఎస్‌ఓలో సెషన్ తెరిచి నిద్రపోయిన ఒక్క మనిషి వల్ల ఆగడం ఆలస్యమవుతుంది. మోడ్(ఫోర్స్) పనులను మధ్యలో తెంపుతుంది, లేచేటప్పుడు ఆ బాకీ తీర్చుకోవాలి. లేపడానికి -స్టార్ట్ డీబీ2 జెడ్‌ఓఎస్ కన్సోల్ నుంచి ఇవ్వాలి. లేచాక రిస్ట్రిక్ట్ డిస్‌ప్లే కొట్టి, ఆపకముందు తీసుకున్న జాబితాతో పోల్చండి.

ఐఎంఎస్ ఉన్నచోట

అపోలో రోజుల్లో పుట్టిన ఐఎంఎస్ తన మొదటి రెడీ సందేశాన్ని 1968 ఆగస్టు 14న చూపించింది. ఈనాటికీ పనిచేస్తోంది. అక్కడ కమాండ్ ముందు హైఫన్ బదులు స్లాష్. స్లాష్ డిస్‌ప్లే డీబీ, స్లాష్ స్టార్ట్ డీబీ అర్థమయ్యేవే. స్లాష్ స్టాప్ డీబీ కొత్తగా షెడ్యూల్ అయ్యే ప్రోగ్రాంలనే ఆపుతుంది, నడుస్తున్నవి నడుస్తూనే ఉంటాయి. డీబీ2 అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. డేటాబేస్‌ను నిజంగా ఆఫ్‌లైన్ చేసేది స్లాష్ డీబీఆర్. రాతలు ఆపి చదవనిచ్చేది స్లాష్ డీబీడంప్. డీబీఆర్ కొట్టినప్పుడు లాగ్ డేటాసెట్ కూడా మారుతుంది. అది అక్కర్లేకపోతే నోఫియోవ్ అన్న మాట చేర్చాలి.

కనెక్షన్ తెగితే

మన వైపు అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, నెట్ రెండూ పోయి ఎలా ఉన్నామో తెలుసు. స్టాప్ కొట్టి ఎంటర్ నొక్కిన క్షణంలో సెషన్ తెగితే, కమాండ్ వెళ్లిందో లేదో ఊహించకండి. తిరిగి లోపలికి వెళ్లగానే అదే కమాండ్ మళ్లీ కొట్టకుండా డిస్‌ప్లే కొట్టండి. లోపలికి వెళ్లే దారే లేకపోతే ఫోన్ చేసి ఇంకొకరితో కొట్టించండి. ఆ నంబర్లు లాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే ఉపయోగం లేదు. సబ్‌సిస్టమ్ పేర్లు, ప్రిఫిక్స్‌లు, డీబీఏ నంబరు, స్టోరేజ్ వాళ్ల నంబరు కాగితం మీద రాసి నా బల్ల ముందు గోడకు అంటించాను. మా తమ్ముడు కూడా శ్రీకాకుళంలో అలాంటిదే అంటించుకున్నాడు. అందులో మొదటి వరుసలో ఎర్ర సిరాతో స్పేస్‌నామ్ అని రాసుకున్నాడు.

షిఫ్ట్ అప్పగించేటప్పుడు టికెట్‌లో నాలుగు పెట్టండి: ముందు తీసిన డిస్‌ప్లే, ఇచ్చిన కమాండ్ అక్షరం పోకుండా, దానికి వచ్చిన జవాబు, తర్వాత తీసిన డిస్‌ప్లే. ఏవైనా ఆపి ఉంచితే వాటి పేర్లు, ఎప్పుడు ఎవరు లేపాలో విడిగా ఒక వరుసలో రాయండి. తర్వాతి షిఫ్ట్ మనిషికి ఫోన్ చేసి ఆ వరుసను అతని చేత పైకి చదివించండి.